రైతు స్వయంగా హాజరు

ప్రతి నెలా పదో తారీఖున, పొద్దున్న ఎనిమిది దాటి ఐదో పదో నిమిషాలకి, బుల్లిబాబు ఫోను మోగుతుంది.

ఆ రోజూ మోగింది. బసవమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. సబ్బు చేతులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చి, కొంగుతో వేళ్లు తుడుచుకుని, ఛార్జరుకి వేలాడుతున్న ఫోనెత్తింది.

"నమస్కారం," అంది అవతలి ఆడగొంతు. ఆ గొంతుకి అలుపు లేదు, తొందర లేదు. "ఈ కాల్ రైతు సేవల విభాగం నుంచి. మీరు రైతు... బుల్లిబాబు... గారు అయితే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి."

పేరు దగ్గర మాత్రం గొంతు మారుతుంది. ముందూ వెనకా ఆడమనిషి, మధ్యలో పేరు పలికేది మర. అయితేనేం, ఆ పేరుకి 'గారు' తగిలించి ఇంటికి ఫోన్ చేసి అడిగేది లోకంలో అదొక్కటే.

బసవమ్మ ఒకటి నొక్కింది.

ప్రభుత్వ సాయం సకాలంలో అందుతోందా అని అడిగింది గొంతు. అందుతోంటే ఒకటి. అందలేదు గానీ, దానికీ ఒకటే నొక్కింది బసవమ్మ. ధన్యవాదాలు చెప్పి గొంతు వెళ్లిపోయింది.

బుల్లిబాబు మున్నేట్లో కొట్టుకుపోయి పదకొండు నెలలు. శవం దొరకలేదు.

"మళ్లీ ఒకటే నొక్కారా పిన్నిగారూ?"

గుమ్మంలో నవీన్‌బాబు నిలబడి ఉన్నాడు. గుండ్లరేవు రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం అతనిది. ఎప్పుడొచ్చినా బండి దిగకుండా, హెల్మెట్ తియ్యకుండా రెండు ముక్కలు చెప్పి వెళ్లే మనిషి. ఇవాళ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది చూడగానే బసవమ్మకి అర్థమైంది, తెచ్చింది మంచి కబురు కాదని.

"నొక్కకపోతే ఏమనుకుంటారో అని," అంది.

"అనుకోడానికి అవతల ఎవరున్నారండీ? అది మిషను."

"మిషనైతే మాత్రం? పొద్దున్నే పేరు పెట్టి అడుగుతోంది. కూర్చో, మజ్జిగ తాగుతావా?"

"వద్దండి." సంచిలోంచి కవరు తీశాడు. "నందిగామ ఆర్డీవో ఆఫీసు నోటీసు. పద్దెనిమిదో తారీఖు పదకొండింటికి విచారణ. మీరు రావాలి, నాగశ్రీ అక్క రావాలి, నేను రావాలి. బెన్ని కూడా."

కవరు అందుకోబోతున్న బసవమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బెన్ని ఎందుకు?"

"అదేంటండీ, ఆఖర్న చూసింది అతనేగా."

చిక్కంతా ఎక్కడ పడిందో చెప్పాలంటే కిందటేడు వినాయక చవితికి వారం ముందు, ఆ ఆదివారం దగ్గరికి వెళ్లాలి.

ఆ పొద్దున మున్నేరు పొంగింది. మున్నేటి పక్కన సేద్యం చేసేవాళ్లకి పొంగు కొత్త కాదు. నీరు పెరుగుతోందంటే ఏట్లో ఉన్న మోటారు ఒడ్డుకి లాగుతారు, తగ్గాక మళ్లీ దింపుతారు. పండగలాగా ఏటేటా ఉండే పనే. కాని ఆ ఏడు వచ్చింది ఎవరూ ఎరగని నీళ్లు. హైవే మీద కూడా పారాయి. బుల్లిబాబు తాడు భుజాన వేసుకుని, పొలం పనికి వచ్చే బెన్నిని లేపి వెంటబెట్టుకుని ఏటికి వెళ్లాడు. బెన్ని ఒక్కడే తిరిగొచ్చాడు.

నాలుగు రోజులకి పంట నష్టం రాసుకోవడానికి మనిషొచ్చాడు. సిబ్బంది చాలక చిల్లకల్లు నుంచి పంపారు. ఊరు కొత్త, మోకాలిలోతు బురద, చీకటి పడేలోగా నూట నలభై ఇళ్లు తిరగాలి. వీధిలోంచే కేకేశాడు, "బుల్లిబాబు గారు ఉన్నారా?" అని.

మన ఆడవాళ్ల నోట కొన్ని మాటలు రావు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. పుస్తెలతాడు తెగితే 'పెరిగింది' అంటారు. అరవై ఏళ్లు అలా మాట్లాడిన బసవమ్మ, పడవలు వేసుకుని జనం ఇంకా ఏట్లో వెతుకుతుండగా, మొగుడు ఉన్నాడా అని అడిగినవాడికి ఏమని చెబుతుంది?

"పొలం వెళ్లారు," అంది.

"సంతకం పెట్టాలండీ ఆయన."

"ఇలా తే."

బుల్లిబాబు చదువు మూడో తరగతి. సొసైటీ కాగితం దగ్గర్నుంచి కూతురు నాగశ్రీ ప్రోగ్రెస్ రిపోర్టు దాకా ఆ ఇంట్లో 'బుల్లిబాబు' అన్న సంతకం పెట్టింది ఎప్పుడూ బసవమ్మే. ఆ రోజూ పెట్టింది. వచ్చినవాడు 'రైతు స్వయంగా హాజరు' అన్న గడిలో టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లిపోయాడు.

ఆ వచ్చినవాడే నవీన్‌బాబు. ఉగాది వెళ్లాక ఇదే ఊరికి బదిలీ అయి వచ్చి, తను టిక్కు పెట్టిన మనిషి అప్పటికే ఏట్లో కలిసి నాలుగు రోజులైందని కేంద్రం అరుగు మీద కబుర్లలో విన్నాడు. ఆ రాత్రి అతను అన్నం తినలేదట.

ఇక ఆ టిక్కు చేసిన నిర్వాకం చూడండి. వరదలో గల్లంతయ్యాడని నాగశ్రీ పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ఆదివారం పోయిన మనిషి గురువారం సంతకం ఎలా పెట్టాడమ్మా అని అడిగారు. పోయాడన్న కాగితం లేదు గనక పొలం బసవమ్మ పేరు మీదికి రాదు. ఉన్నాడందామంటే, పంట నష్టం డబ్బు మంజూరై కూడా ఆగింది, రైతు మొహం ట్యాబులో చూపించాలిట. కౌలుకి ఇద్దామన్నా కార్డు మీద యజమాని సంతకం కావాలి. చేను ఆనుకుని ఉన్న కిషోర్‌బాబు కౌలు మాట అడగడానికి వచ్చినప్పుడు, "ఆయన సంతకం నేను పెడతాలే," అంది బసవమ్మ. "వద్దులే వదినా, పెట్టింది చాలు," అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు గానీ, చుర్రుమంది.

మూడెకరాల నల్లరేగడి. రెండో ఏడు బీడు పడింది. పాస్‌బుక్కులో ఉన్న మనిషితో పాటు పొలం కూడా ఏట్లోనే ఉండిపోయింది.

"ఇరవయ్యో తారీఖుతో పంట నష్టం పెండింగు జాబితా మూసేస్తారండి," అన్నాడు నవీన్‌బాబు. "మీరు పద్దెనిమిదిన వచ్చి ఆ రోజు జరిగింది చెబితే చాలు. ఒక్క మాట."

"ఏం మాట?"

నవీన్‌బాబు హెల్మెట్ అద్దం మీద మరక తుడిచాడు. లేని మరక.

"ఆయన... ఆ మాటేనండి."

*

పదిహేడో తారీఖు సాయంత్రం నందిగామ నుంచి కూతురు దిగింది. నాగశ్రీ అక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. తండ్రి పోలిక, మాట కూడా తండ్రిదే. చుట్టూ తిప్పి చెప్పడం రాదు.

"రేపు ఏం చెప్పాలో తెలుసుగా?"

"ఊ."

"ఊ కాదు. నాతో చెప్పు ఒకసారి."

"రేపు చెబుతాగా."

"పదకొండు నెలల్నుంచి రేపే. పదో రోజు లేదు, మాసికం లేదు, నాన్నకి ఒక ముద్ద పెట్టింది లేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించొచ్చని పంతులుగారు చెబితే ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఫోనుకి నెల నెలా రీఛార్జి మాత్రం చేయిస్తావు." గొంతు తగ్గించింది. "నాకు మాత్రం ఇష్టమా అమ్మా?"

బసవమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. ఒక్క రాయి కూడా లేని పప్పు.

"బెన్ని ఎన్నిసార్లు వచ్చాడు నీ దగ్గరికి?" అని అడిగింది నాగశ్రీ.

"గుర్తులేదు."

"నాకుంది. ఎప్పుడొచ్చినా తలుపేశావు. మొన్న ఉగాదికి రోడ్డు మీద ఎదురొస్తే వెనక్కి తిరిగొచ్చావుట. వాడేం చేశాడు పాపం? నాన్నని కాపాడలేకపోయాడనా?"

"నాకెవరి మీదా కోపం లేదు," అంది బసవమ్మ.

అది నిజం. బెన్ని మీద ఆమెకున్నది కోపం కాదు. భయం.

ఆ ఆదివారం పొద్దున ఏం జరిగిందో ముగ్గురికే తెలుసు. ఒకడు ఏట్లో పోయాడు. మిగిలింది తను, బెన్ని.

నీరు పెరుగుతోందని కబురొచ్చినప్పుడు బుల్లిబాబు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "పోతే పోనీ, పాడు మోటారు. ఈ నీళ్లలో ఎవడు దిగుతాడు?" అన్నాడు. నోరెత్తింది బసవమ్మే. "పోతే పోనీ ఏంటండీ? సొంత డబ్బులు పెట్టి కొన్నామా? సబ్సిడీ మోటారు, ప్లేటు మీద నెంబరు కొట్టిచ్చారు. రేపు తనిఖీకి వచ్చి మోటారేదంటే ఏం చూపిస్తారు? పై వీధి వాళ్లు స్ప్రేయరు పోయిందంటే అమ్ముకుతిన్నారని జాబితాలోంచి పేరే కొట్టేశారు. మనల్నీ దొంగల్ని చేస్తారు. లేవండి, ఆ బెన్నిని లేపుకుపోయి లాగించండి."

టీ సగంలో వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర తాడు తీసుకుని, ఆ రాత్రి అరుగు మీద పడుకున్న బెన్నిని లేపి, "పద రా బెన్నీ, మీ అమ్మగారి ఆర్డరు," అని నవ్వాడు.

అదే ఆఖరు నవ్వు. ఆ మాట బెన్ని విన్నాడు. రేపు ఆఫీసులో అడుగుతారు, ఎందుకు దిగాడు అని. బెన్ని చెబుతాడు. పక్కనే నాగశ్రీ ఉంటుంది.

అదీ బసవమ్మ పదకొండు నెలలుగా తలుపేసుకుని దాచుకున్నది. బుల్లిబాబు 'పొలం వెళ్లినంత' కాలం ఆ మాట ఎవరికీ వినపడదు.

*

ఆర్డీవో ఆఫీసు వరండాలో బెంచీ ఒక్కటే, జనం పాతికమంది. ఒకాయన భూమి తగాదా ఫైలు విసనకర్రలా ఊపుకుంటున్నాడు. బెన్ని మెట్ల కింద నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. బసవమ్మని చూసి రెండు చేతులూ ఎత్తాడు. ఆవిడ చూపు తిప్పుకుంది.

పదకొండింటికి పిలుస్తామన్నవాళ్లు ఒంటిగంటకి పిలిచారు.

విచారణ చేసేది డిప్యూటీ తహసీల్దారు తిరుపతిరావు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, కళ్లజోడు ముక్కు చివర. చెడ్డవాడు కాదు, మంచివాడు కావడానికి తీరిక లేనివాడు. ముందు నవీన్‌బాబుని పిలిచాడు.

"పంట నష్టం గణనకి వెళ్లింది నువ్వేగా? 'స్వయంగా హాజరు' అని పెట్టావు. రైతుని చూశావా?"

నవీన్‌బాబు హెల్మెట్ చంకలోకి మార్చుకున్నాడు. ఒక్క క్షణం బసవమ్మ వైపు చూశాడు, ఏదైనా దారి దొరుకుతుందేమోనని.

"చూడలేదు సార్. పొలం వెళ్లారన్నారు. చాలా ఇళ్లుండి..."

"చూడకుండా టిక్కు పెట్టావు."

"పెట్టాను సార్."

"దీనికి మెమో వస్తుంది. తెలుసుగా?"

"తెలుసండి."

తిరుపతిరావు రాసుకున్నాడు. తర్వాత బెన్ని వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. తొందర లేదు."

బసవమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"నీళ్లప్పటికి గట్టుకి మూరెడు కిందున్నాయండి," అని మొదలుపెట్టాడు బెన్ని. "మోటారు లాగుతుంటే పైపు ఇరుక్కుంది. ఇక లాగలేమని, అక్కడ తుమ్మచెట్టుంటే దానికి కట్టేద్దామన్నారు బాబుగారు. నేను తాడు పట్టుకున్నా. ఆయన నడుంలోతు దిగి ముడేశారు. ఏసి, నా వైపు తిరిగి, 'గట్టిగా పడింది రా ముడి, ఇంక ఎటూ పోదు' అన్నారు. అప్పుడే పైనుంచి తాటిమొద్దొచ్చిందండి. నేను అరిచా. ఆయనకి ఇనపళ్లేదు, నీళ్ల హోరు."

నాగశ్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

బసవమ్మ ఇవన్నీ మొదటిసారి వింటోంది. ఆయన ఎలా పోయాడో ఇప్పటిదాకా ఆమెకి తెలియదు. ముడి వేశాడా? వేసే పోయాడా?

"అంత నీళ్లలో అసలు ఎందుకు దిగాడు?" అని అడిగాడు తిరుపతిరావు. "ఊళ్లో అందరూ మోటార్లు వదిలేసి వచ్చేశారు కదా?"

వచ్చింది. పదకొండు నెలల్నుంచి ఏ ప్రశ్నకి తలుపు వేసుకుందో ఆ ప్రశ్న.

బెన్ని బసవమ్మ మొహంలోకి చూశాడు. ఎంతోసేపు కాదు. తర్వాత తల వంచాడు.

"నేనేనండి దిగమంది."

"నువ్వా?"

"ఔనండి. బాబుగారు వద్దంటే నేనే పొద్దున్నే ఇంటికెళ్లి లేపా. మోటారు పోద్ది, లాగుదాం రమ్మని నేనే తీసుకెళ్లా. తప్పు నాదేనండి. రాసుకోండి."

"నువ్వు తీసుకెళ్లావా?" నాగశ్రీ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. "ఇన్నాళ్లూ చెప్పవేం బెన్నీ? మా ఇంటి చుట్టూ తిరిగావు, ఒక్కసారైనా చెప్పావా? ఆయన్ని నడుంలోతులో దింపి నువ్వు గట్టు మీద నిలబడ్డావా?"

బెన్ని ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటకి తడిసి అంటుకుపోయింది.

తిరుపతిరావు కలం కదులుతోంది. 'కూలీ బెన్ని ప్రోద్బలంతో' అని రాస్తున్నాడు. బసవమ్మకి తలకిందులుగా కనపడుతోంది. కాగితం ఎటు తిప్పినా చదవగలదు ఆవిడ. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి కాగితాలన్నీ ఆవిడే చదివింది.

నోరు మూసుకుంటే చాలు. అంతా అయిపోతుంది. పొలం వస్తుంది, డబ్బొస్తుంది, కూతురు కూతురుగానే ఉంటుంది. నింద మోసేవాడు తనంతట తనే వీపు వంచి నిలబడ్డాడు.

"అది కొట్టెయ్యండి," అంది బసవమ్మ.

కలం ఆగింది.

"బెన్ని అబద్ధం చెబుతున్నాడండీ. వాణ్ని లేపింది మా ఆయన. మా ఆయన్ని లేపింది నేను. పోతే పోనీ అన్నాడాయన. సబ్సిడీ మోటారు, తనిఖీకి వస్తే మోటారు చూపించాలి, జాబితాలోంచి పేరు కొట్టేస్తారు, పొమ్మని నేనే తరిమా. టీ కూడా పూర్తిగా తాగనివ్వలేదు." కూతురి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు. "ఆ కుర్రాడు ఇంటికొచ్చి అడిగినప్పుడు పొలం వెళ్లారని చెప్పింది నేనే. సంతకం నాదే. ఏ తప్పున్నా నాదని రాయండి."

తిరుపతిరావు కళ్లజోడు తీశాడు. తుడుచుకోలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"పంపింది ఎవరన్న కాలమ్ ఇందులో లేదమ్మా," అన్నాడు మెల్లగా. బెన్ని మాట ఉన్న వరుస అడ్డంగా కొట్టేశాడు. "నాకు కావాల్సింది ఒక్కటే. మీ నోటితో చెప్పాలి. మీ భర్త బుల్లిబాబు గారు కిందటేడు సెప్టెంబరు నుంచి..."

ఆపి, ఆవిడ వైపు చూశాడు.

పక్క గదిలో ఎవరో స్టాంపులు కొడుతున్నారు. ఠక్కు, ఠక్కు, ఠక్కు. బసవమ్మ ఆ చప్పుడు వింటూ నిలబడింది. అది ఆగాక చెప్పింది.

"లేరు."

*

వరండాలో బెన్ని దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి బసవమ్మే అతని దగ్గరికి వెళ్లింది.

"ఎందుకు రా అట్టా చెప్పావ్?"

"నాకు పోయేదేముందమ్మగారూ. ఊళ్లో ఎట్టాగూ అదే అనుకుంటన్నారు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. బెన్ని కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఒక సంగతండి. చెబ్దామనే వచ్చేవోణ్ని. మీరు తలుపు తీసేవోళ్లు కాదు."

"చెప్పు."

"మోటారు పోలేదండి. నీళ్లు తీశాక చూస్తే తుమ్మచెట్టుకే ఉంది. ముడి ముడిలాగే ఉంది, పీకినా రాలేదు. కోసి తెచ్చుకున్నా. వైండింగు ఎండబెట్టిచ్చా. మా పాకలో పట్టా కప్పి ఉంచా." వేలితో గాల్లో చిన్న చదరం గీశాడు. "ప్లేటు కూడా ఉందండి. నెంబరు కనపడద్ది."

ఊరంతా మోటార్లు పోగొట్టుకుంది. బుల్లిబాబు మోటారు ఉంది. ఆవిడ చెప్పిన పని చేసే వెళ్లాడు.

నందిగామ బస్టాండు దాకా నాగశ్రీ పది అడుగులు ముందు నడిచింది. తల్లి అడుగుల చప్పుడు ఆగితే ఆగింది, వెనక్కి మాత్రం చూడలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బసవమ్మ రెండు వరసలు వెనక కూర్చుంది. కండక్టరు వచ్చినప్పుడు నాగశ్రీ, "రెండు, గుండ్లరేవు," అని నోటిచ్చింది.

రెండు అంది. అంతవరకు చాలనుకుంది బసవమ్మ.

ఊరి మలుపులో మున్నేరు కనపడింది. ఆగస్టు నెల, నీళ్లు మోకాలు దాటవు, గేదెలు పడుకున్నాయి. అప్పుడు నాగశ్రీ తిరగకుండానే అడిగింది.

"టీ సగంలో వదిలేశాడా?"

"ఊ."

"గ్లాసేది?"

"అలాగే ఉంది. కడగలేదు."

నాగశ్రీ భుజాలు కదిలాయి. బసవమ్మ లేచి ముందుకి వెళ్లబోయింది గాని, బస్సు కుదుపుకి మళ్లీ సీట్లో పడింది. దిగేదాకా అలాగే వెనకనుంచి ఆ భుజాలు చూస్తూ కూర్చుంది.

*

ఉత్తర్వు రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుందన్నారు. జాబితాలో పేరు కొట్టెయ్యకుండా మాత్రం తిరుపతిరావు ఆపించాడు. నవీన్‌బాబుకి మెమో వచ్చింది. దాన్ని మడిచి ట్యాబు సంచిలో పెట్టుకుని, మర్నాటి నుంచి 'రైతు స్వయంగా హాజరు' అన్న గడి నింపడానికి ప్రతి ఇంటి ముందూ బండి దిగుతున్నాడు. కిషోర్‌బాబు కార్డు లేకుండానే మాట మీద కౌలుకి తీసుకుని, మిర్చి నారుకి బోదెలు తోలించాడు.

దర్భల బొమ్మకి కర్మ చేయించారు. నాగశ్రీ తన ఇంటి నుంచి మూడు రోజులు వచ్చి ఉంది. తల్లితో అవసరమైనంతే మాట్లాడింది. వెళ్లేముందు వంటింటి గూట్లో ఉన్న టీ గ్లాసు కడగబోయి, కడగకుండానే మళ్లీ అక్కడే పెట్టింది.

తర్వాతి నెల పదో తారీఖు. ఎనిమిది దాటి ఏడు నిమిషాలు. ఫోను మోగింది.

"నమస్కారం. ఈ కాల్ రైతు సేవల విభాగం నుంచి. మీరు రైతు... బుల్లిబాబు... గారు అయితే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి."

బసవమ్మ వేలు అలవాటుగా ఒకటి మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. పక్కకి జరిగింది.

రెండు నొక్కింది.

కాసేపు ఏమీ వినపడలేదు. ఇంతే కాబోలు అనుకుంది. కాని గొంతు మళ్లీ వచ్చింది, అదే నిదానంతో.

"రైతుతో మాట్లాడటానికి అనువైన సమయం తెలియజేయండి. ఉదయం అయితే ఒకటి నొక్కండి. సాయంత్రం అయితే రెండు నొక్కండి."

బసవమ్మ అంకెలన్నీ చూసింది. తొమ్మిది దాకా చూసింది.

"ఉదయం అయితే ఒకటి నొక్కండి. సాయంత్రం అయితే రెండు నొక్కండి."

ఏటి వైపు నుంచి మోటారు చప్పుడు మొదలైంది. బెన్ని వేసినట్టున్నాడు. ముందు దగ్గి, తడబడి, తర్వాత నిలకడగా అందుకుంది.

"లేరమ్మా," అంది బసవమ్మ ఫోన్లోకి. "ఆయన లేరు."

"మీరు ఏ అంకె నొక్కలేదు," అంది గొంతు.